దిండు ప్రశ్న

మూడో అంతస్తులో నడవా చివర, ఇనప మెట్ల పక్కన ఉన్న గది రాజనీతిశాస్త్రంలో సర్వేల మీద పీహెచ్‌డీ చేసేవాళ్లది, మిగతా పీహెచ్‌డీవాళ్లు కింది అంతస్తుల్లో ఉంటారు. అందులో నాలుగు బల్లలు, నాలుగు కుర్చీలు, ఒక టీ కెటిలు, ఒక మనిషి. ఆ మనిషిని డిపార్ట్‌మెంటులో అందరూ సీనియరమ్మ అంటారు. మొదట్లో ఎవరో వేళాకోళానికి అన్నారు, అదే ఖాయమైపోయింది. ఆఖరికి హెడ్డు గారు కూడా ఓసారి మీటింగులో నోరు జారి "సీనియరమ్మ గారూ" అనేసి, నాలుక కరుచుకుని, ఏమీ అననట్టు మంచినీళ్లు తాగారు.

ఒకప్పుడు ఆ నాలుగు బల్లల దగ్గరా మనుషులుండేవాళ్లు. ఒకడికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఒకామె చదువు మీద మనసు విరిగి వెళ్లిపోయింది. ఇంకొకాయన ఎలాగో థీసిస్ ఇచ్చేసి, కెటిలు ఆమెకి వదిలేసి, అదే పెద్ద ఆస్తి రాసిచ్చినట్టు మొహం పెట్టి మరీ వెళ్లాడు. ఆ తర్వాత ఖాళీ బల్లల మీద ఆఫీసువాళ్లు చెడిపోయిన ప్రింటరొకటి, పాత ఫ్యానొకటి, ఎవరివో తెలియని అట్టపెట్టెలు తెచ్చి పడేశారు. అడిగితే "ఎవరూ లేరుగా" అన్నారు. ఆమె అక్కడే కూర్చుని ఉండగానే అన్నారు, అదీ వరస.

సీనియరమ్మ పని ఏమిటంటే, ఓటు వేయనివాళ్లు వేశామని ఎందుకు చెబుతారో కనిపెట్టడం. నవ్వకండి, దాని మీద ప్రపంచంలో చాలామంది జీవితాలు ధారపోశారు. ఫోన్ చేసి "మొన్న ఓటు వేశారా?" అని అడిగితే పదిమందిలో చాలామంది వేశామనే అంటారు. తర్వాత అసలు లెక్క చూస్తే అంతమంది వేసి ఉండరు. మంచివాళ్లే, దొంగలు కాదు. అడిగినవాళ్ల ముందు చులకనైపోతామని చిన్న అబద్ధం ఆడతారు, అంతే.

అందుకని ఆమె ఒక ప్రశ్న తయారు చేసింది. "చాలామందికి ఆ రోజు ఒంట్లో బాగోకో, పనుల్లో తీరిక లేకో వెళ్లడం కుదరలేదు. అందులో తప్పేమీ లేదు. మరి మీకు కుదిరిందా?" ఇలా అడిగితే మనిషి కాస్త వెనక్కి వాలి, "లేదండీ, కుదరలేదు" అని చెప్పేస్తాడు. ఆమె గైడు గారు దానికి దిండు ప్రశ్న అని పేరు పెట్టారు. తల వాల్చుకోవడానికి ముందు ఒక దిండు వేసి, ఆ తర్వాత అడగడం అన్నమాట. ఆమె ఇంకోటి కూడా పట్టుకుంది. నిజం చెప్పేవాళ్లు జవాబు చెప్పి ఆగిపోతారు. అబద్ధం చెప్పేవాళ్లు ఒక ముక్క ఎక్కువ చెబుతారు. "వేశానండీ, పొద్దున్నే వెళ్లాను, లైను కూడా లేదు." లైను సంగతి ఎవరడిగారు?

ఈ రెండు సంగతులూ కలిపి ఒక పేపరు రాసింది. అది అచ్చయింది. ఎవరైనా చదివారో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఏడేళ్లుగా ఇదే పని. రోజులో ఆమెతో ఎక్కువసేపు మాట్లాడేవాళ్లు ముక్కూ మొహం తెలియని మనుషులు, అదీ ప్రశ్నలు అయ్యేవరకే. "థాంక్సండీ" అనగానే ఫోన్ పెట్టేస్తారు. కొందరు ముసలివాళ్లు మాత్రం "ఇంకేమైనా అడుగుతావా తల్లీ?" అంటారు. అప్పుడు ఆమె కాగితంలో లేని ప్రశ్నలు కూడా ఒకటి రెండు అడిగేది. ఫోన్లు లేని రోజుల్లో పాత జవాబులు పైకి చదువుకునేది, ఆడగొంతు వేరే, మగగొంతు వేరే. కెటిలుతో కూడా మాట్లాడేది. "ఏంటే, ఇంకా కాగలేదా? నీకూ నాలాగే నిదానమేనా?" మాటకి మొహం వాచిపోయింది మనిషి, అంతకంటే చెప్పడానికేముంది.

ఆదివారాలు అక్క ఫోన్ చేస్తుంది. అక్క రెండు మాటలు మాట్లాడేలోపు బావ ఫోన్ లాక్కుంటాడు. "మరదలా, నీ చదువు పూర్తయ్యేలోపు నా కూతురు పెద్దదై వచ్చి నీ పక్క బల్లలో చేరేట్టుందే!" అంటాడు. ఆమె నవ్వుతుంది. ఫోన్ పెట్టేశాక, పక్క బల్లలో ఎవరో ఒకరు చేరితే బాగుండునని నిజంగానే అనుకుంటుంది. ఎవరైనా సరే, పొద్దున్నే తలుపు తోసుకుని వచ్చి "అబ్బ, ఏం ఎండ!" అంటే చాలు.

ఏటా ఒకసారి ఆ ఆశ చిగురించే రోజు ఉంటుంది. దాన్ని విజిటింగ్ డే అంటారు. పీహెచ్‌డీకి అప్లికేషన్లు పెట్టినవాళ్లలో ఆరేడుగురిని పిలుస్తారు. పొద్దున ప్రొఫెసర్లు ఇంటర్వ్యూ చేస్తారు. మధ్యాహ్నం లైబ్రరీ, గదులు, చెట్లు చూపిస్తారు. పొద్దున మనం వాళ్లని చూస్తాం, మధ్యాహ్నం నుంచి వాళ్లు మనల్ని చూస్తారు. మంచి పిల్లలకి రెండు మూడు చోట్ల సీటు వస్తుంది కాబట్టి, డిపార్ట్‌మెంటు ఆ ఒక్కరోజు పౌడరు రాసుకుని కూర్చుంటుంది.

ఆ రోజు ఒక ఆచారం ఉంది. భోజనాల దగ్గర ప్రొఫెసర్లు గబగబా తినేస్తారు. హెడ్డు గారు గోడ గడియారం చూసి, "సరే, ఇక మీరూ మీరూ మాట్లాడుకోండి" అంటారు. అంతే, పెద్దవాళ్లందరూ లేచి, తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్లిపోతారు. వచ్చినవాళ్లు పాత విద్యార్థుల్ని మొహమాటం లేకుండా అడగాలని, వీళ్లు భయం లేకుండా చెప్పాలని. ముందురోజు హెడ్డు గారు పాత విద్యార్థుల్ని పిలిచి, "నిజాయితీగా మాట్లాడండి. అలాగని మరీ పనిగట్టుకుని కాదు" అని కూడా చెబుతారనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఏడాది విజిటింగ్ డేకి వారం ముందు గైడు గారు సీనియరమ్మని గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఏమ్మా, ఒక మాట. వచ్చే ఏడాది నేను ఇక్కడ ఉండను. వేరే యూనివర్సిటీ వాళ్లు పిలిచారు. హెడ్డుకి సమయం చూసి నేనే చెబుతాను. అందాకా నీ కడుపులో పెట్టుకో."

"మరి నా థీసిస్ సార్?"

"నీది ఒక దారిన పడిందిగా. ఫోన్లో చూస్తాను, నిన్ను వదిలేస్తానా?"

"మన సబ్జెక్టులో కొత్తగా ఎవరైనా చేరితే?"

గైడు గారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. "చేరితే హెడ్డు ఏదో ఒకటి చూస్తాడులే" అన్నారు. మంచాయన. మంచివాళ్లతో ఇదే చిక్కు, తిట్టుకోవడానికి కూడా మనసొప్పదు.

ఆ వారం ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి గదిలో ఎవరున్నారు గనక?

దూరం నుంచి వచ్చేవాళ్లని ముందురోజు ఎవరో ఒక విద్యార్థి తమ ఇంట్లో ఉంచుకోవాలి. సీనియరమ్మది ఒంటికాపురం కాబట్టి ఏటా ఒకరిని ఆమెకి అంటగడతారు. ఈసారి వచ్చిన అమ్మాయి సాయంత్రం గుమ్మంలో నిలబడింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఆ పిల్ల చేతిలో మాత్రం తన ఎత్తున్న నల్ల గొడుగు. "మా నాన్న, ఎందుకైనా మంచిదని..." అని సిగ్గుపడింది. సీనియరమ్మ మనసులో అప్పుడే గొడుగుపిల్ల అని పేరు పెట్టేసింది.

గొడుగుపిల్ల ఒక సర్వే కంపెనీలో ఫోన్లు చేసే ఉద్యోగం చేస్తోంది. సబ్బు బాగుందా, పేస్టు బాగుందా అని జనాన్ని అడగడం. కాళ్లు కడుక్కుని, టీ కప్పు చేతిలోకి తీసుకుని, "అక్కా, మీ దిండు ప్రశ్న మా ఆఫీసంతా వాడేస్తోంది తెలుసా?" అంది.

సీనియరమ్మ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. "నువ్వు... ఆ పేపరు చదివావా?"

"చదవడమేంటక్కా, బట్టీ పట్టాను. అబద్ధం చెప్పేవాళ్లు ఒక ముక్క ఎక్కువ చెబుతారన్నారు చూడండి, ఆ మాట దగ్గర నాకు మా నాన్న గుర్తొచ్చాడు."

వాళ్ల నాన్న టైలరు. అణా అబద్ధం ఆడని మనిషి. గుడ్డ మిగిలితే పిలిచి మరీ ఇచ్చేస్తాడు. పోయిన ఎన్నికల రోజున నడుము పట్టేసి మంచం దిగలేదు. సాయంత్రం పక్కింటాయన వచ్చి అడిగితే మాత్రం "వేశాను, అందరికంటే నేనే ముందు" అన్నాడట. గొడుగుపిల్ల లోపల గదిలోంచి వింది. "గుడ్డ ముక్క దగ్గర అబద్ధం ఆడని మనిషి ఇక్కడెందుకు ఆడాడో నాకు తెలియాలక్కా. ఆయన్ని అడగలేను. అడిగితే ఏడుస్తాడు. అందుకే చదువుదామని" అంది.

ఇద్దరూ మాట్లాడుకుంటుంటే టీ చల్లారిపోయింది, మళ్లీ పెట్టారు, అదీ చల్లారింది. సీనియరమ్మ తన పాత జవాబులు మగగొంతుతో చదివి వినిపిస్తే ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో ఇంకో మనిషి నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఆమెకి మండుటెండలో నెత్తిన చల్లని నీళ్లు పోసినట్టయింది.

పడుకోబోయే ముందు గొడుగుపిల్ల తన చిక్కు చెప్పింది. "ఇంకోచోట సీటు ఇస్తామన్నారక్కా. లైబ్రరీ చిన్నది, పేరూ అంతంతమాత్రమే. కానీ ఇదే పని చేసే మేడంలు ఇద్దరున్నారు. రేపు సాయంత్రంలోపు వాళ్లకి ఏదో ఒక మాట చెప్పేయాలి. నాకైతే ఇక్కడికే రావాలనుంది. మీరున్నారు, సారున్నారు."

సీనియరమ్మ దుప్పటి మడత విప్పుతూ "ముందు ఇంటర్వ్యూ కానీ" అంది.

మర్నాడు ఇంటర్వ్యూ గది బయట కుర్చీలో కూర్చుని, ఒక్కొక్కరినీ లోపలికి పంపడం సీనియరమ్మ పని. ఆ తలుపు ఎప్పుడూ సరిగ్గా పడదు. గొడుగుపిల్ల లోపలికి వెళ్లాక ఆమె చెవులన్నీ అటే పెట్టింది. ఎంత గట్టివాళ్ల చేతైనా నీళ్లు నమిలించే ప్రొఫెసరొకాయన ఉన్నారు. ఆయన దిండు ప్రశ్న ఎత్తుకున్నారు. "తప్పేమీ లేదని ముందే చెప్పేస్తే, మీరే జవాబు చెప్పించినట్టు కాదూ?"

"లేదండీ" అంది గొడుగుపిల్ల. గొంతు వణుకుతోంది, మాట మాత్రం వణకలేదు. "నిజం చెప్పినా మీ మర్యాద ఎక్కడికీ పోదని చెబుతాం. అంతవరకే మా చేతిలో ఉంది. ఆ తర్వాత కూడా అబద్ధం చెబితే, అది ఇక సిగ్గు వల్ల కాదండీ. వాళ్లకి ఇంకేదో కావాలి."

లోపల్నుంచి గైడు గారి నవ్వు వినిపించింది. సీటు ఖాయమని బయట కూర్చున్న సీనియరమ్మకి అర్థమైపోయింది. ఎగిరి గంతేయాలన్నంత సంతోషం వేసింది, వెంటనే వారం కిందట గైడు గారు చెప్పిన మాట గుర్తొచ్చింది.

ఇంటర్వ్యూ కాగానే గది చూపించింది. అంతకుముందు రోజే అట్టపెట్టెలన్నీ మెట్ల కిందికి చేర్చి, కిటికీ పక్క బల్ల తడిగుడ్డతో తుడిచి ఉంచింది. ఎందుకు తుడిచావని అడిగితే ఏం చెప్పేదో! గొడుగుపిల్ల ఆ బల్ల మీద చెయ్యి వేసి, "ఇది నాదే అనుకోవచ్చా అక్కా?" అంది. "అనుకో, ఎవరొద్దన్నారు?" అంది సీనియరమ్మ.

భోజనాలయ్యాయి. హెడ్డు గారు గడియారం చూసి తన మాట తాను అన్నారు. పెద్దవాళ్లు లేచి వెళ్లారు, తలుపు దగ్గరగా పడింది. మిగతావాళ్లు హాస్టలు గురించి, సెలవుల గురించి అడుగుతున్నారు. గొడుగుపిల్ల కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించింది.

"అక్కా, చాలాచోట్ల గైడులు మధ్యలో వెళ్లిపోతుంటారు. మంచి అవకాశం వస్తే ఎవరైనా వెళ్తారు, అందులో తప్పేం లేదు. ఆ సంగతి ముందే తెలిసినవాళ్లు చెప్పినా తప్పు లేదు. మరి మన సారు, నా చదువయ్యేదాకా ఇక్కడే ఉంటారా?"

ఎంత ముచ్చటగా వేసిందో దిండు! తను కనిపెట్టినదే, తనకంటే మెత్తగా. తల వాల్చి "లేదమ్మా, వెళ్లిపోతున్నారు" అంటే చాలు. సారు మాట తీసుకున్నారు, నిజమే. కానీ "ఆ సంగతి నన్నడక్కు, సారునే అడుగు" అన్నా తెలివైన పిల్ల అర్థం చేసుకునేది, మాటా పోయేది కాదు. ఇవన్నీ ఆమెకి తోచాయి. తోచలేదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. వాటితో పాటే తడిగుడ్డతో తుడిచిన బల్ల గుర్తొచ్చింది. నిన్నటి నవ్వు గుర్తొచ్చింది. రేపటినుంచి మళ్లీ కెటిలూ తనూ.

"ఉంటారు" అంది సీనియరమ్మ. "ఎక్కడికి వెళ్తారు, ఆయనకి ఈ చెట్లంటే ప్రాణం."

చెట్ల సంగతి ఎవరడిగారు? ఆ పేపరు బట్టీ పట్టిన పిల్ల కూడా ఆ ఎక్కువ ముక్కని పట్టుకోలేదు. మనకిష్టమైనవాళ్ల మాటల్లో ముక్కలు ఎవరు లెక్కపెడతారు? హమ్మయ్య అని నవ్వి, సాయంత్రం సీటు ఖాయమని తెలియగానే రెండోచోటికి ఫోన్ చేసి రానని చెప్పేసింది.

తర్వాతి నెలలు సీనియరమ్మ బతుకులో పండగే అనుకోండి. పొద్దున్నే తలుపు తెరుచుకునేది, "అక్కా, ఏం ఎండ!" అని వినపడేది. బల్లలు ఎదురెదురుగా జరుపుకున్నారు. ఫోన్లు పంచుకున్నారు. విచిత్రమైన జవాబు వస్తే చేత్తో సైగ చేసి స్పీకరు పెట్టేవాళ్లు. బావ ఆదివారం వేళాకోళం చేస్తే "మా చెల్లి చేరింది బావా, మీ అమ్మాయికి ఇక ఖాళీ లేదు" అని తిప్పికొట్టింది. చెబుదాం, రేపు చెబుదాం అని రోజూ అనుకునేది. ఆ పిల్ల నవ్వు చూసి, రేపటికి వాయిదా వేసేది.

గైడు గారే చెప్పారు చివరికి, డిపార్ట్‌మెంటు మీటింగులో, అందరి ముందూ. అందరూ అయ్యో అన్నారు. గొడుగుపిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. గైడు గారు ఓదార్చబోయి, "ఎవరికీ చెప్పలేదమ్మా, ఒక్క మన సీనియరమ్మకి తప్ప. పోయిన విజిటింగ్ డేకి ముందే చెప్పాను, పాపం, ఎవరి దగ్గరా నోరు విప్పలేదు" అన్నారు. మెచ్చుకోలుగా అన్నారు మరి.

గదికి వచ్చాక గొడుగుపిల్ల కూర్చోలేదు. "ఆ రోజు నేను అడిగినప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

"నేను ఎలా అడిగానో గుర్తుందా?"

"గుర్తుంది."

సీనియరమ్మ ఆ పిల్లవైపు ఒక అడుగు వేసింది. ఇంకేదో అనాలని చూసింది. ఆ పిల్ల వినలేదు. ఏడవలేదు, అరవలేదు. తన బల్లని రెండు చేతులా పట్టుకుని, దాని కాళ్లు నేలకి గీరుకుంటున్నా ఆపకుండా, గోడవైపు తిప్పేసి, ఇటు వీపు పెట్టి కూర్చుంది.

అరిచి ఉంటే బాగుండేది. అప్పటినుంచి ఎడమొహం పెడమొహం. అక్కా అనే పిలుపు పోయి మేడం వచ్చింది. "మేడం, ఫ్యాను తగ్గించనా?" "మేడం, తాళం మీ దగ్గరుందా?" ఇంత మర్యాద ఎవరు ఓర్చుకుంటారు? మునుపు ఒంటరిగా ఉన్నప్పుడు కనీసం పైకి చదువుకునేది, కెటిలుతో మాట్లాడేది. ఇప్పుడు అదీ లేదు, గదిలో మనిషి ఉంది కదా. రోజంతా ఆ వీపు చూస్తూ కూర్చునేది. మనిషి తోడు కావాలని మనిషిని మోసం చేసి తెచ్చుకుంది, తోడు మాత్రం రాలేదు. ఆమెకి రోజుకోసారైనా ఏడుపొచ్చేది. ఇనప మెట్ల మీదికి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేది.

గొడుగుపిల్లని హెడ్డు గారు వేరే ప్రొఫెసరుకి అప్పగించారు. ఆయనకి సరిహద్దు ఒప్పందాలు తప్ప ఇంకేమీ పట్టవు. టైలరు నాన్న అబద్ధం ఆయనకేం అర్థమవుతుంది! రెండోచోటి మేడంలకి ఉత్తరం రాస్తే, సీట్లు నిండిపోయాయని జవాబు వచ్చింది. ఆ సంగతి కూడా సీనియరమ్మకి ఆఫీసావిడ చెబితేనే తెలిసింది.

అలా మళ్లీ విజిటింగ్ డే దగ్గరపడింది. సీనియరమ్మ థీసిస్ ఇచ్చేసింది. వేరే ఊళ్లో ఒక సర్వే సంస్థలో ఉద్యోగం కుదిరింది, వచ్చే నెలలో వెళ్లిపోవాలి. ముందురోజు హెడ్డు గారు ఇద్దరినీ పిలిచారు. "గైడు గారి పోస్టులో ఒకరు రాబోతున్నారని చెప్పండి."

"వస్తున్నారా సార్?" అంది సీనియరమ్మ.

"రాకూడదని ఏముంది?" అన్నారు హెడ్డు గారు.

బయటికి రాగానే ఆఫీసావిడ ఇద్దరినీ కౌంటరు దగ్గరికి పిలిచి, చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పింది. ఆ పోస్టు ఎత్తేశారట. ఈ ఏడే కాదు, ఇంకెప్పటికీ రాదట. గొడుగుపిల్ల విని, గదికి వెళ్లింది. కాసేపటికి సీనియరమ్మ వెళ్లేసరికి, ఆ పిల్ల మూడో బల్ల మీది పాత ఫ్యాను కిందికి దించి, తడిగుడ్డతో దుమ్ము తుడుస్తోంది. సీనియరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ తుడవడం ఏమిటో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? తర్వాత చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి, మెట్ల మీద కూర్చుంది.

ఈసారి వాళ్ల సబ్జెక్టుకి వచ్చినాయన పత్రికా విలేఖరి. ముప్పై దాటిన మనిషి, జోకులేస్తాడు, పెద్దగా నవ్వుతాడు. పొద్దున గది చూపిస్తున్నప్పుడే గొడుగుపిల్లని రెండుసార్లు నవ్వించాడు. ఇన్ని నెలల తర్వాత ఆ నవ్వు విని సీనియరమ్మ గుండె కలుక్కుమంది.

భోజనాలయ్యాయి, గడియారం చూశారు, తలుపు పడింది. విలేఖరి చెయ్యి తుడుచుకుని గొడుగుపిల్లవైపు తిరిగాడు.

"మీరు చెప్పండి. ఆ సారు పోస్టులో ఎవరైనా వస్తారా? వస్తారంటే పదేళ్ల ఉద్యోగానికి రేపే దండం పెట్టి వచ్చేస్తాను. రారంటే చెప్పండి, ఏమీ అనుకోను."

ఆయనకి సర్వేలూ తెలియవు, దిండూ తెలియదు. ఆ చివరి మాట ఏదో అలా అనేశాడు. గొడుగుపిల్ల నోరు తెరిచింది. ఎదురుగా కూర్చున్న సీనియరమ్మ ఆ మొహం చూసింది. కళ్లు ముందు కిటికీవైపు వెళ్లాయి, తర్వాత ప్లేటులోకి, తర్వాత పైకి లేచాయి, పెదాల మీద నవ్వు సిద్ధమవుతోంది. ఇంకొక్క క్షణం ఆగితే ఆ మాట వచ్చేస్తుంది. వస్తే ఆ మూడో బల్ల నిండుతుంది. ఆ తర్వాత ఏడాదికి ఆ బల్ల కూడా గోడవైపు తిరుగుతుంది.

"రారండి" అంది సీనియరమ్మ.

విలేఖరి ఇటు తిరిగాడు. "అంటే, ఈ ఏడాదికా?"

"ఎప్పటికీ రారు. పోస్టు తీసేశారు."

ఇంకొక ముక్క చేర్చలేదు. గొడుగుపిల్ల తెరిచిన నోరు మూసుకుంది. విలేఖరి కాసేపు తల గోక్కుని, "పుణ్యముంటుంది, బతికించారు" అని లేచి ఆమెకి నమస్కారం పెట్టాడు. మిగతావాళ్లతో కలిసి లైబ్రరీ చూడటానికి వెళ్లాడు. మర్యాదకి వెళ్లాడంతే, ఆయన మనసప్పుడే బస్సెక్కేసింది.

పెద్ద బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు, ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. ప్లేట్లు తీసేవాడు ఇంకా రాలేదు.

"నేను వస్తారనే చెప్పబోయాను" అంది గొడుగుపిల్ల ప్లేటులోకి చూస్తూ.

"తెలుసు."

"ఒక మెతుకు దూరంలో ఆగాను. ఆయనకి పెళ్లాం, పిల్లలు ఉన్నారని పొద్దునే చెప్పాడు. అయినా చెప్పేసేదాన్ని." ఆ పిల్ల ప్లేటు కాస్త ముందుకి నెట్టింది. "మీ మీద ఇన్ని నెలలూ పళ్లు నూరాను. నేనూ అంతేనా?"

"నువ్వు చెప్పలేదుగా" అంది సీనియరమ్మ.

"మీరు చెప్పనివ్వలేదు."

క్షమించమని అడగాలని ఇన్ని నెలలుగా సీనియరమ్మ లోపల కట్టుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. కానీ ఆ పిల్ల అప్పుడే తలెత్తి చూసింది. కళ్ల నిండా నీళ్లు.

"వచ్చే నెల మీరూ వెళ్లిపోతారు. ఆ గదిలో నాతో ఎవరుంటారక్కా?"

అక్కా అన్నదని ఆ పిల్లకి తెలిసిందో లేదో. సీనియరమ్మకి మాత్రం ఒళ్లంతా ఝల్లుమంది. దిండు వేయడానికి ఎన్ని మాటలున్నాయి! ఎవరో ఒకరు చేరతారులే అనొచ్చు. నేను రోజూ ఫోన్ చేస్తాను, ఒక్కదానివనుకోకు అనొచ్చు. వెయ్యిమంది చేత నిజం చెప్పించిన మనిషికి ఒక మెత్తని అబద్ధం కష్టమా? ఆ పిల్ల కోసమైనా చెప్పాలనిపించింది, ఒట్టు.

"ఎవరూ ఉండరమ్మా" అంది.

గొడుగుపిల్ల మోచేత్తో కళ్లు తుడుచుకుని, తన ప్లేటు పట్టుకుని లేచింది. బల్ల ఆ కొసనుంచి ఈ కొసకి నడిచి వచ్చి, ఆమె పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, మిగిలిన అన్నం తినడం మొదలుపెట్టింది.